వల్లకాడు మనది, దెయ్యం కథ ఎవరిది?

(గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజున వాడలోని చదువుల గదిలో ఒక రిటైర్డ్ పంతులమ్మ చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చువేస్తున్నాం.)



నన్ను పిలిచింది ఉపన్యాసానికి అనుకున్నా. వచ్చినాక తెలిసింది, తగువు తీర్చడానికని. ఇంటికింత అని వేసుకుని ఈ గదికి 18 వేల రూపాయలు పోగుచేశారు. సంతోషం. ఆ డబ్బుతో ఏం పుస్తకాలు కొనాలన్నది తగువు. పెద్దలేమో "బాబాసాహెబ్ ఫొటో పెట్టుకున్న గది ఇది. ఇక్కడ ఆయన పుస్తకాలుండాల, ఉద్యోగ పరీక్షల పుస్తకాలుండాల. అంతకుమించి అక్కర్లేదు" అంటన్నారు. కుర్రాళ్లేమో "అవీ ఉండనీయండి. మాకు కొత్తవి కావాల. చరిత్ర కావాల, దెయ్యాల కథలూ కావాల" అంటన్నారు. దెయ్యాలు అనంగానే పెద్దలకి కోపమొచ్చింది. "మూఢనమ్మకాలు వదిలించుకోడానికి గది కట్టుకుంటే, దాంట్లోకి దెయ్యాల్ని తెస్తారా అమ్మా?" అని ఒక బాబాయి నన్నే అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. దాన్ని దాటేసి పోను.

పొద్దున వచ్చి మీ రిజిస్టరు తిరగేశా. పదిమంది తీసుకుంటే ఎనిమిదిమంది తీసుకున్నవి గ్రూపు-2, డీఎస్సీ, కానిస్టేబులు గైడ్లే. గైడ్లు చదివేవాళ్లను చూసి ముక్కు విరిచేవాళ్లు మనలోనే ఉన్నారు. విరవొద్దు. ఒక కానిస్టేబులు ఉద్యోగమొస్తే ఒక ఇల్లు నిలబడిద్ది. గైడ్లు కొనాల్సిందే. కానీ ఉద్యోగమొచ్చిన పిల్లాడు స్టేషన్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాక, మన వాడ మనిషి ఒంటిమీద దెబ్బలతో ఫిర్యాదు పట్టుకొస్తే ఆ కాయితం తీసుకుంటాడా, చించేస్తాడా? అది గైడు చెప్పదు. దానికి వేరే పుస్తకాలుండాల.

నా తీర్పు ముందే చెప్తా. చరిత్ర కొనండి, దెయ్యాల కథలు కొనండి, న్యాయం అడిగే పుస్తకాలు కొనండి. పట్నం లైబ్రరీలో ఇవి మూడు అలమరల్లో ఉంటాయి. మనకి మాత్రం మూడూ ఒకటే అలమర. ఎందుకో చెప్తాను. మీరు ఒప్పుకుంటే కొనండి, లేకపోతే మానండి.

ముందు నా సంగతి. మా ఊళ్లో వల్లకాడు మా వాడని ఆనుకునే ఉండేది. అదేం విచిత్రం కాదు, మీకూ అట్లానే ఉంది కదా. ఊరికి అక్కర్లేనివన్నీ ఒక దిక్కున పెడతారు. పెంటదిబ్బలు, పీనుగులు, మనం. మా నాయన ఊళ్లో ఎవరు చచ్చిపోయినా కట్టెలు మోసేవాడు, చితి పేర్చేవాడు, పూర్తిగా కాలిందాకా కర్ర పట్టుకుని అక్కడే ఉండేవాడు. రాత్రిపూట అన్నం గిన్నె నేను తీసుకుపోయేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లని. నాకు భయమేసేది కాదు. చచ్చినోళ్లు నన్నేమీ అనేవాళ్లు కాదు. నాకు భయమేసేది తెల్లారినాక. బడికి పోవాలంటే పెద్దకులాల బజారు దాటాల. మా అమ్మ చెప్పుల్లేకుండా పంపేది. ఎవరి అరుగు వైపూ చూడొద్దనేది. ఎవరన్నా పిలిస్తే పలకాల, పలికితే తప్పు, పలక్కపోతే తప్పు. అదీ భయమంటే.

ఏడో తరగతిలో ఉండగా పక్కూళ్లో ఒక లైబ్రరీ ఉండేది. ఆ ఊరి పేరు చెప్పను. ఆ మనిషి ఇప్పుడు లేడు, ఆ గదీ లేదు. లోపల బల్లలు, కుర్చీలు. మా పిల్లలకి అరుగు. చందమామ నెల తిరిగినాక, అట్ట ఊడినాక, గుమ్మం దగ్గర పెట్టేవాడు. మేం తీసుకునేవాళ్లం. ఇవ్వడం మానలేదు, చేతికి మాత్రం ఇవ్వలేదు. అట్ల దొరికిందే నాకు బేతాళ కథ. రాజు విక్రమార్కుడు వల్లకాట్లో చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుని నడుస్తాడు. నెలనెలా నడుస్తానే ఉంటాడు. చదివి చదివి ఒకరోజు నాకు కడుపులో తిప్పినట్టయింది. శవాన్ని రాజు మోస్తే సాహసం. మా నాయన మోస్తే మైల. రాజుని బేతాళుడు ప్రశ్న అడుగుతాడు, తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుద్దంటాడు. మా నాయన్ని ఏ బేతాళుడూ ఏమీ అడగలేదు. అడిగుంటే ఎన్ని కథలు చెప్పేవాడో.

సత్యహరిశ్చంద్ర నాటకం మీరందరూ చూసే ఉంటారు. కాటి సీను వస్తే జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రాజు కాటికాపరి అయ్యాడని ఏడుస్తారు. తరతరాలుగా కాటికాపరిగానే ఉన్నవాడి కోసం ఎవరన్నా ఏడ్చారా? ఇంకో సంగతి. ఆ సీన్లో నటులు ఎలుగెత్తి పాడే శ్మశానం పద్యాలు చాలావరకు జాషువావి. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. జనం నోట నిలిచిన పద్యాలు మాత్రం వినుకొండలో పుట్టిన అంటరాని కవివి. వన్స్‌మోర్ కొట్టినవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? వల్లకాడు మనది, దానిమీద పద్యం మనది, ఏడుపు మాత్రం రాజుకి పోయింది.

అందుకే బాబాయ్, నేను దెయ్యాల కథని వదలను. అది మన సొత్తు.

ఇప్పుడు బాబాసాహెబ్ పుస్తకం ఒకటి చెప్తాను. పెద్దలు కాదనలేరు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని ఆయన రాసుకున్న చిన్న పుస్తకం. ఒక పూటలో అయిపోద్ది. ఆయన పోయిన తర్వాత 1990లో పుస్తకంగా అచ్చయింది. ఆయన చదివిన అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ పుస్తకాన్ని పాఠంగా చదివిస్తారు. మన బళ్లల్లో ఎంతమంది పిల్లల చేతికొచ్చింది?

అందులో బరోడా సంగతి ఉంది. అమెరికాలో, లండన్‌లో చదివి, బరోడా మహారాజు కొలువులో చేరడానికి వస్తాడు. ఉండటానికి ఇల్లు దొరకదు. హిందూ హోటళ్లలో చోటివ్వరు. చివరికి పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి పై అంతస్తులో దిగుతాడు. అంత పెద్ద హాల్లో ఆయనొక్కడే. దీపాల్లేవు, ఒక చిన్న లాంతరు. విరిగిపోయిన సామాన్లు, గబ్బిలాల రెక్కల చప్పుడు. చెరసాల్లో ఉన్నట్టుందని, గబ్బిలాల చప్పుడుకి ఒళ్లు జలదరించేదని ఆయనే రాశాడు. చదువుతుంటే అచ్చం దెయ్యాల కొంప కథే. కానీ చూడండి. ఆ గబ్బిలాలు ఆయన్ని ఏమీ చేయలేదు. పదకొండో రోజు పొద్దున డజను మంది దాకా మనుషులు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సత్రాన్ని మైలపరిచావు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. అంత చదువు చదివిన మనిషి తోటలో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చెప్పండి. ఇది చరిత్రా, దెయ్యం కథా, న్యాయం అడిగే పుస్తకమా? మూడూను. భయం చీకట్లో లేదు, మెట్లెక్కి వచ్చిన కర్రల్లో ఉందని ఆ పుస్తకం చూపించింది. మంచి భయం పుస్తకమేదైనా చేసే పని ఇదే. భయం ఎక్కడ పుడతందో అక్కడ వేలు పెట్టి చూపిస్తది.

చెడ్డ భయం పుస్తకం తప్పుడు చోట వేలు పెడతది. అదీ చెప్పుకోవాల. మా వయసులో 'తులసిదళం' లాంటి క్షుద్ర నవలలు వారపత్రికల్లో ఊపేశాయి. నేనూ చదివా, రాత్రిళ్లు నిద్రపోలేదు, అబద్ధమెందుకు చెప్పాల? రంగనాయకమ్మ దానిమీద 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అని పుస్తకమే రాసింది. ఆ రకం కథల్లో మేడలో ఉన్న కుటుంబం అమాయకం. కీడు బయటినించి వస్తది, అడవినించి, వల్లకాటినించి, ముగ్గులేసే నల్లటి మనిషినించి. చదివినవాడు పుస్తకం మూసి ఊరికే ఉంటే సరే. ఉండరు కదా. బాణామతి చేశారని పళ్లూడగొట్టడం, చిల్లంగి పెట్టారని కొట్టి చంపడం మన తెలుగు పల్లెల్లో జరిగాయి. ఎవరి పళ్లు ఊడగొట్టారు? మేడలో వాళ్లవా? దిక్కులేని ముసలామెవి, ఊరిచివర గుడిసెలో వాడివి. బాబాయి కోపం ఇందుకే అయితే ఆ కోపం నాకూ ఉంది. అట్లాంటివి ఈ గదికి కొనొద్దు. తేడా తెలుసుకోడానికి ఒక గుర్తు చెప్తా. కథలో కీడు ఎటునించి వస్తందో చూడండి. వాడనించి వస్తంటే ఆ పుస్తకం పక్కన పడేయండి.

ఈ తేడా మనకంటే ముందు అమెరికాలో నల్లవాళ్లు కనిపెట్టారు. వాళ్లకీ మనకీ చుట్టరికం కొత్తదేం కాదు. 1966లో అక్కడ బ్లాక్ పాంథర్లు లేచారు, వాళ్లను చూసి 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత్ పాంథర్లు అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ల రచయితలు హారర్ రాస్తన్నారు. మూడు పుస్తకాలు చెప్తాను. మూడూ ఇంగ్లీషువే. ఇంగ్లీషు రానివాళ్ల సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

మొదటిది టోనీ మారిసన్ 'బిలవెడ్'. 1987లో వచ్చింది, 1988లో పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. ఆమెకు 1993లో నోబెల్ వచ్చింది. దీన్ని దెయ్యం కథ అంటే పండితులు నొచ్చుకుంటారేమో. కానీ అది దెయ్యం కథే. సెత్ అనే బానిస తల్లి యజమాని నించి తప్పించుకుని పారిపోతది. పట్టుకోడానికి వాళ్లు వచ్చినప్పుడు, బిడ్డని మళ్లీ బానిసని చెయ్యనివ్వనని తన చేత్తోనే చంపుకుంటది. ఆ బిడ్డే తర్వాత దెయ్యమై ఇల్లు చేరిద్ది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే తల్లి నిజంగా చేసిన పని మీదనించి పుట్టిన కథ ఇది. మన జోగిని తల్లుల్ని, వెట్టికి బిడ్డల్ని పంపిన తల్లుల్ని తలుచుకుంటూ చదవండి. చదవడం కష్టం. ముందుకీ వెనక్కీ పోతది. రెండోసారి చదివితే దారి దొరుకుద్ది.

రెండోది విక్టర్ లావల్ 'ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్'. 2016లో వచ్చిన చిన్న పుస్తకం. దీని వెనక ఒక కథ ఉంది. లవ్‌క్రాఫ్ట్ అని ఒక తెల్ల రచయిత ఉండేవాడు, 1937లో చచ్చిపోయాడు. హారర్ రాసేవాళ్లు గురువంటారు. 1927లో అచ్చయిన ఆయన కథ ఒకటుంది, న్యూయార్కులో రెడ్ హుక్ అనే పేటలో జరుగుద్ది. ఆ కథలో భూతాల కంటే ఎక్కువగా భయపెట్టేది ఆ పేటలో బతికే వలస జనం. రంగున్నవాళ్లంటే రచయితకి అసహ్యం, ఆ అసహ్యాన్నే భయం అని అమ్మాడు. లావల్ నల్లవాడు. చిన్నప్పుడు లవ్‌క్రాఫ్ట్‌ని ఇష్టంగా చదివాడు. పెద్దయ్యాక ఆ కథని పారేయలేదు. అదే కథని హార్లెంలో ఉండే నల్ల కుర్రాడి వైపునించి మళ్లీ రాశాడు. అందులో ఒక తెల్ల డిటెక్టివ్ ఆ కుర్రాడి తండ్రిని కాల్చి చంపుతాడు. ముసలాయన చేతిలో ఉన్నది గిటారు. తుపాకీ అనుకున్నానంటాడు. ఆ మాట చదివినాక ఇక ఏ భూతమొచ్చినా మనకి చిన్నదిగానే కనపడుద్ది. మనల్ని తిట్టిన కథని తిరగరాయొచ్చని ఈ పుస్తకం నేర్పుద్ది. మన కుర్రాళ్లు పురాణాల మీద చేస్తన్న పనీ అదే కదా.

మూడోది కొత్తది. తననరీవ్ డ్యూ అనే ఆమె 2023లో రాసిన 'ది రిఫార్మేటరీ'. నాకు ముగ్గురిలో ఈమే దగ్గర, నేను పంతులమ్మని కాబట్టి. ఫ్లారిడాలో డోజియర్ అని మగపిల్లల శిక్షా బడి ఒకటుండేది. నూరేళ్లకి పైగా నడిచి 2011లో మూతబడింది. అక్కడ పిల్లల్ని కొట్టి చంపారని బతికి బయటపడ్డవాళ్లు చెప్తానే ఉన్నారు. తర్వాత అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు నేల తవ్వారు. కాయితాల్లో 31 సమాధులున్నాయి. తవ్వితే 55 తేలాయి. ఆ రచయిత్రి అమ్మమ్మవాళ్ల ఇంటి పిల్లవాడు ఒకడు 15 ఏళ్లప్పుడు 1937లో ఆ బడిలో చచ్చిపోయాడు. ఆమెకి పెద్దయ్యాక గాని తెలియలేదు. ఆ పిల్లవాడి పేరే పెట్టి 1950లో జరిగినట్టు నవల రాసింది. అక్కతో మర్యాద తప్పిన తెల్లదొర కొడుకుని కాలితో తన్నినందుకు పన్నెండేళ్ల నల్ల పిల్లవాడిని ఆ బడికి పంపుతారు. వాడికి చచ్చిన పిల్లలు కనపడతారు. బడిపెద్దకి ఆ దెయ్యాలంటే భయం. ఎందుకంటే అవి సాక్షులు.

ఈ మాట దగ్గర ఆగండి. దెయ్యం అంటే చచ్చినా సాక్ష్యం మానని మనిషి.

మనకి సాక్షుల సంగతి తెలుసు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే చెరువులో గేదెల్ని కడగొద్దన్నందుకు మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో మూటగట్టి కాలవలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుని 21 మందికి జీవితఖైదు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరి ఆ ఎనిమిదిమందిని ఎవరు చంపినట్టు? కాలవ చంపిందా? ఆ కాలవ గట్టుమీద రాత్రిపూట నడిచేవాడికి ఏం వినపడాల? మన కుర్రవాడెవడన్నా, మన ఆడపిల్ల ఎవరన్నా ఆ కథ రాస్తే, అది దెయ్యం కథ అని నేను పక్కన పెట్టను. ముందు వరసలో కూర్చుని చదువుతా. కోర్టులో ఓడిన సాక్ష్యం పుస్తకంలో గెలవాల.

ఇక చరిత్ర పుస్తకాలు. గ్రంథాలయ వారోత్సవాలని కదా కూడాం. అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరు ప్రతి సభలో చెప్తారు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిందని చెప్తారు. మంచిదే, ఆయన చేసింది చిన్న పని కాదు. అదే బెజవాడలో మూడేళ్ల తర్వాత, 1917లో, హైదరాబాదు నించి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడుగా పంచములని పిలిచే మనవాళ్ల సభ జరిగింది. పంచములు అనే పేరు మాకొద్దు, ఈ నేలకి మొదటివాళ్లం మేమే, ఆది ఆంధ్రులం అన్నారు. మొదటి సభ గైడులో ఉంటది. రెండోది ఉందో లేదో మీ గైడ్లు తిప్పి చూడండి. దాని సంగతి తెలియాలంటే చిన్నయ్య జంగం ఇంగ్లీషులో రాసిన 'దళిత్స్ అండ్ ది మేకింగ్ ఆఫ్ మోడ్రన్ ఇండియా' చదవాల. 2017లో వచ్చింది. స్వాతంత్య్రోద్యమ కాలంలో తెలుగు దళితులు ఏం ఆలోచించారు, ఏం రాశారు అన్నది అందులో ఉంది. జాషువా 'గబ్బిలా'న్ని ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఆయనే.

అదే 2017లో సుజాత గిడ్ల 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్' వచ్చింది. కాజీపేట పిల్ల, న్యూయార్కు మెట్రో రైల్లో కండక్టరుగా పనిచేస్తూ రాసింది. మేనమామ కేజీ సత్యమూర్తి కథ, అంటే మన శివసాగర్ కథ, తల్లి మంజుల కథ. పార్టీలో పెద్దనాయకుడైనా కులం వెంటాడడం మానలేదని ఉన్నదున్నట్టు రాసింది. ఇంట్లో మగవాళ్లని కూడా వదల్లేదు. అక్కలు ముందు ఇది చదవండి.

బాబాసాహెబ్ జీవితం మీద కొత్తది కావాలంటే అశోక్ గోపాల్ 'ఎ పార్ట్ అపార్ట్', 2023. ఎనిమిది వందల పేజీల పైన ఉంది, దిండంత. బాబాసాహెబ్ మరాఠీలో రాసినవి, మాట్లాడినవి వెతికి చదివి రాసిన పుస్తకం. దేవుడి పటం చేసి దండవేసే పుస్తకాలు మనకి చాలా ఉన్నాయి. ఆయన ఎట్లా ఆలోచించాడో, ఎక్కడ మనసు మార్చుకున్నాడో చెప్పేవి కావాల.

కొత్తవాటి మోజులో తెలుగులో ఉన్నదాన్ని మర్చిపోవద్దు. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. ఎన్నెలదిన్ని మాలపల్లి నాలుగైదు తరాల కథ. ఆటగాడు ఎల్లన్న ఉన్నాడు, కరువుకి పొట్ట పట్టుకుని వలసపోయినవాళ్లున్నారు, కిరస్తానం తీసుకున్నవాళ్లున్నారు. నవల అని పేరేగాని, మన చరిత్ర పుస్తకాల్లో లేని చరిత్ర. ఈ గదిలో అది ఒక్క కాపీ ఉంది, చివరి పేజీల్లేవు. రెండు కాపీలు కొనండి.

న్యాయం అడిగే పుస్తకాల్లో మొదటిది మీకు తెలుసు, 'కుల నిర్మూలన'. అదీ నాలాంటిదే, ఉపన్యాసమే. 1936లో లాహోరులో చదవడానికి రాసుకున్నాడు. పిలిచిన సంఘంవాళ్లు ముందే తెప్పించుకుని చూసి, కొన్ని మాటలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దుచేశారు. సొంత డబ్బుతో 1500 కాపీలు వేస్తే రెండు నెలల్లో చెల్లిపోయాయి. చెప్పనివ్వని మాట పుస్తకమైతే ఎంత దూరం పోతదో చూడండి. ఇక్కడ ఉంది కదా అంటారేమో. ఉంది, గోడమీద ఫొటోలాగా. రిజిస్టర్లో ఈ ఏడాది దాన్ని తీసుకున్నవాళ్లు ఇద్దరు.

కొత్తవాటిల్లో యాషికా దత్ 'కమింగ్ అవుట్ యాజ్ దళిత్', 2019. కులం దాచుకుని చదివి, దాచుకుని ఉద్యోగం చేసిన అమ్మాయి. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మన గుంటూరు పిల్లవాడు రోహిత్ వేముల చనిపోయినాక, అతని ఉత్తరం చదివి, ఇక దాచుకోనని బయటికి చెప్పింది. రోహిత్ కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. ఆ పిల్లవాడు మొదట చదువరి. ఇట్లాంటి గదుల్లోనే అట్లాంటి పిల్లలు తయారవుతారు. వాళ్లని మనం బతికించుకోవాల. ఇసబెల్ విల్కర్సన్ 'కాస్ట్' 2020లో వచ్చింది. అందులో మన గురించి తక్కువ, అమెరికా గురించి ఎక్కువ. కులం అనే మాటతో తెల్లవాళ్ల పెత్తనాన్ని కొలిచింది. అందుకోసం చదవొచ్చు.

మన ఆడవాళ్లవి మూడు. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు', 2003. తెలుగు దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోట చేర్చిన పుస్తకం. జూపాక సుభద్ర కథలు 'రాయక్క మాన్యం'. తెలంగాణ మాదిగ వాడ మాట ఎట్లా ఉంటదో అట్లానే రాసింది. ఎండ్లూరి మానస కథలు 'మిళింద', 2020లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పట్నంలో, కాలేజీలో, ఆఫీసులో కులం ఎట్లా నవ్వుతూ పలకరిస్తదో మానస కథల్లో ఉంది. ఊరు దాటితే కులం పోద్దనుకునే ఆడపిల్లల చేతిలో ముందు ఇది పెట్టండి.

ఇక డబ్బు సంగతి. నేను చెప్పినవన్నీ 18 వేలకి వస్తాయా? అమెరికా పుస్తకాలు ఖరీదు. అన్నీ మనమే కొనక్కర్లేదు. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడతన్నాం. మన పెంకుటిళ్లకీ, కాలనీ ఇళ్లకీ కడతన్నాం. ఆ డబ్బుతో ఏ పుస్తకాలు కొంటన్నారో ఎప్పుడన్నా అడిగామా? తెలుగు పుస్తకాలు, గైడ్లు మన డబ్బుతో కొందాం. ఖరీదైన వాటి జాబితా రాసి, ముప్పైమంది సంతకాలు పెట్టి, జిల్లా గ్రంథాలయంలో ఇద్దాం. ఒకసారి ఇస్తే పక్కన పెడతారు. నెలనెలా ఇద్దాం.

ఇంగ్లీషు రానివాళ్ల సంగతి చెప్తానన్నా. డిగ్రీ చదువుతున్న పిల్లలు మీలో ఏడెనిమిదిమంది ఉన్నారు. తలా ఒక పుస్తకం తీసుకోండి. వారానికి ఒక అధ్యాయం చదవండి. ఆదివారం రాత్రి ఈ గది ముందు అరుగుమీద మన మాటల్లో కథగా చెప్పండి. మన పెద్దలు బుర్రకథ విన్నారు, చిందు బాగోతం చూశారు. వాళ్లకి వినడం రాదా? గది సాయంత్రం ఆరింటికి తెరిచి ఎనిమిదింటికి మూసేస్తన్నారట. ఆ రెండు గంటలూ ఆడవాళ్లు పొయ్యి దగ్గరుంటారు. తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచండి. రిజిస్టర్లో ఆడపేర్లు నాలుగే ఎందుకున్నాయో అప్పుడు అర్థమైద్ది.

చివరగా బాబాయికి జవాబు. దెయ్యాన్ని నమ్మమని చెప్పడంలేదు బాబాయ్. మేం ఏ దెయ్యాన్నీ నమ్మం, ఏ దేవుడి పేరుతో ఎవరు బెదిరించినా లొంగం. చదవడం వేరు, నమ్మడం వేరు. మనల్ని వెయ్యేళ్లు భయపెట్టి ఏలారు. ఆ భయం ఎట్లా తయారైద్దో, ఎవరు తయారుచేస్తారో తెలిసినవాడు ఇక భయపడడు. అందుకు చదువుతాం.

ఒక తెల్లకాయితాల పుస్తకం తెచ్చాను. దీన్ని ఆ అలమరలో మొదటి అరలో పెట్టండి. ఈ వాడలో ముసలివాళ్లు పోకముందే వాళ్ల దగ్గర కూర్చుని రాయండి. ఏ బావిలో ఎవరి బిడ్డ పడింది, ఎందుకు పడింది. ఏ చింతచెట్టు దగ్గరికి రాత్రిపూట పోవద్దంటారు, అక్కడ అసలేం జరిగింది. ప్రతి దెయ్యం కథ కింద ఒక కేసు పడి ఉంటది, నమోదు కాని కేసు. పేరు, ఏడాది, ఊరు రాయండి. మా నాయన కథలు నేను రాసుకోలేదు. నాకు చదువొచ్చి కూడా రాసుకోలేదు. ఆయన్ని కాల్చింది మేమే, ఆ కథలూ ఆయనతోనే కాలిపోయినయి. ఆ తప్పు మీరు చెయ్యొద్దు.

జై భీమ్.